ఆ పేరుగల మనిషి మా వీధిలో లేడు

మీరిప్పుడు చదవబోయేది ఒక మహాగాథ. ఇందులో ఆకాశాన్ని చీల్చుకుపోయే విమానాలున్నాయి, దేశ రహస్యాలున్నాయి, ఖాకీ బట్టలున్నాయి, కన్నకొడుకును కాదన్న తండ్రి ఉన్నాడు, ఒక వీధి వీధంతా ఏకమై ఒక మనిషిని మాయం చేసిన ఘట్టం ఉంది. చివర్లో రైలు ప్రయాణం కూడా ఉంది.

ఇంతవరకు రాసి చదువుకుంటే నాకే ఒళ్ళు గగుర్పొడిచింది. కానీ నిజం ఒప్పుకోవాలి. ఇది నాకు సర్కారు కర్మాగారంలో ఫిట్టరు ఉద్యోగం ఎట్లా వచ్చిందో చెప్పే సంగతి, అంతే. విమానాల మాట నిజమే గానీ నా వాటాకు వచ్చింది వాటి పంపులు. రైలు రెండు గంటలు లేటు.

డెబ్బైల చివర్లో నంద్యాల ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు పూర్తిచేశాను. ఐటీఐలో ప్రధానంగా నేర్పేది ఇనుమును ఆకురాయితో అరగదీయడం. మొదటి సంవత్సరం ఇనుము కంటే నా చేతులే ఎక్కువ అరిగాయి. రెండో సంవత్సరానికి ఇనుము కూడా కొద్దికొద్దిగా అరగసాగింది. అప్పుడు సర్టిఫికెట్టు ఇచ్చి ఇంటికి పంపారు. ఇల్లు ఆళ్ళగడ్డలో. నంద్యాల నుంచి ఎర్ర బస్సులో గంట పైన ప్రయాణం, నిలబడి పోతే ఇంకా ఎక్కువ అనిపిస్తుంది.

ఆళ్ళగడ్డలో నంద్యాల రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. బావుల మీద నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు. అక్కడ మేస్త్రీ దగ్గర పనికి కుదిరాను. మేస్త్రీ బడికి పోయిన మనిషి కాదు. ఇంజను రోడ్డు మీద ఎద్దులబండిలో వస్తుండగానే, దాని జబ్బేమిటో రైతు ముఖం చూసి చెప్పేసేవాడు. ఆయనకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఒకటి, అదిరే ఇంజనులో ఏ బోల్టునూ నమ్మకూడదు, దాని తలకు తీగ కట్టాల్సిందే. అది కూడా బోల్టు వదులయ్యే వైపు కాకుండా బిగిసే వైపు లాగిపట్టేట్టు మెలిపెట్టి కట్టాలి. రెండు, ఇంజను విప్పి మళ్ళీ బిగించాక ఏదైనా మిగిలిందంటే, అది కంపెనీవాడు అనవసరంగా పెట్టిన సరుకు. అట్లా మిగిలినవన్నీ వేయడానికి ఒక రేకు డబ్బా ఉండేది. ఆ డబ్బాలో ఉన్నవాటితో ఇంకో ఇంజను తయారుచేయొచ్చు. దాంట్లో కూడా రెండు మూడు మిగిలేవి.

ఒకరోజు ఇంజను సామాన్ల కోసం నంద్యాల పోయి, బస్టాండులో మిరపకాయ బజ్జీలు తింటూ అవి చుట్టిచ్చిన పేపరు చదివాను. విమానాల యంత్ర భాగాలు బాగుచేసే ఒక కేంద్ర ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టర్లు కావాలట. దరఖాస్తుకు ఆఖరి తేదీ మీద సరిగ్గా బజ్జీ నూనె పడి ఏమీ కనబడలేదు. ఎందుకైనా మంచిదని మర్నాడే పంపేశాను. నా జీవితంలో గడువుకు ముందు చేసిన పని అదొక్కటే.

ఆ కర్మాగారం పేరు, అదున్న ఊరి పేరు బయట చెప్పకూడదని తర్వాత నా దగ్గర సంతకం తీసుకున్నారు. అందుకని చెప్పను. గేటు ముందున్న బస్టాపుకు మాత్రం ఆ పేరే పెట్టారు. కండక్టర్లు రోజంతా దాన్ని అరుస్తూనే ఉంటారు.

పని పరీక్షకు పిలుపు వచ్చింది. నంద్యాలలో రైలెక్కి, డోన్ మీదుగా పోయి, గుంతకల్లులో బండి మారి చేరుకున్నాను. పెద్ద హాలు, వరసగా బల్లలు, బల్లకొక వైసు, అంటే ఇనుమును కదలకుండా బిగించి పట్టే పట్టకారు. నలభై మంది దాకా ఉన్నాం. రెండు ఇనుప బిళ్ళలు ఇచ్చి, ఒకదాన్ని నలుచదరంగా అరగదీసి రెండోదాని గాడిలో ఇమిడేట్టు చేయమన్నారు. జోడించాక వెలుతురుకు పట్టి చూస్తే సందులోంచి వెలుగు కనబడకూడదు. పరీక్షించే ఆఫీసరు నెరిసిన జుట్టాయన, కళ్ళద్దాలు నుదుటిమీదికి నెట్టుకుని ఒక్కొక్కరి బిళ్ళనూ కిటికీకి ఎదురుగా పట్టి చూస్తున్నాడు. నాకు ముందున్నవాడి బిళ్ళల సందులోంచి కిటికీయే కాదు, బయటి చెట్టు కూడా కనబడింది. నాది పట్టుకుని చాలాసేపు చూశాడు. ఏమీ కనబడలేదేమో, కిందపెట్టి రెండో పరీక్షకు పొమ్మన్నాడు.

రెండో పరీక్షలో ఒక పంపు చేతికిచ్చారు. కొబ్బరికాయంత ఉంది. నిజమైన విమానంలోంచి ఊడదీసినది. చేతిలోకి తీసుకోగానే ఒళ్ళు జల్లుమంది. ఇది మబ్బుల మీద తిరిగిన వస్తువు. నేనేమో నంద్యాల అవతలి బండి ఆత్మకూరు అనే పల్లె దాటి తిరిగింది తక్కువ. దాన్ని విప్పి, ముక్కలన్నీ వరసగా పేర్చి, మళ్ళీ బిగించాలి. విప్పుతుంటే అనుమానం వచ్చింది, ఇది పంపేనా అని. ఎందుకంటే శుభ్రంగా ఉంది. అంతవరకు నేను చూసిన ఏ పంపులోనైనా కనీసం ఒక కప్పపిల్ల ఉండేది.

మళ్ళీ బిగించేటప్పుడు చూశాను. ప్రతి బోల్టు తలకూ సన్నటి రంధ్రం, పక్కన తీగచుట్ట. నాకు నవ్వాగలేదు. మా మేస్త్రీ నమ్మకం ఇక్కడ సర్కారు నిబంధన. చుట్టూ ఉన్నవాళ్ళు తీగను ఎటు చుట్టాలో తెలియక పూలమాల కట్టినట్టు కడుతున్నారు. నేను మాత్రం బిగిసే వైపు లాగి, మెలిపెట్టి, కొస వంచి లోపలికి నొక్కాను. ఆఫీసరు వచ్చి వేలితో మీటి చూశాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. శనగచేలల్లో అని చెప్పాను. ఆయన నుదుటిమీది కళ్ళద్దాలు కిందికి దించి నావైపు చూసి, కాగితంలో ఏదో రాసుకున్నాడు. అన్నిటికంటే ఆశ్చర్యం, ఆరోజు ఒక్క ముక్క కూడా మిగల్లేదు. నాకే నమ్మకం లేక బల్లకింద కూడా వెతికాను.

కొన్ని నెలలకు ఉత్తరం వచ్చింది. మా నాయన మిషన్ బడిలో బంట్రోతు. ఆయన ముఖ్యమైన పని గంట కొట్టడం. ఆళ్ళగడ్డలో చాలామంది ఆ గంట విని గడియారం సరిచేసుకునేవారు. నాయనకు మాత్రం గడియారం లేదు, హెడ్మాస్టరుగారి గదిలో ఉండేది. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది కాబట్టి హెడ్మాస్టరుగారి దగ్గరికే తీసుకుపోయాం. ఆయన చదివి, నన్ను ఎంపిక చేశారని, అయితే నడవడిక గురించి పోలీసు విచారణ జరుగుతుందని, అది సరిగ్గా ఉంటేనే ఉద్యోగమని చెప్పాడు. చేరాల్సిన తేదీకి ఇంకా మూడు వారాలున్నాయి. నా మీద కేసులేవీ లేవు. నడవడిక చెడగొట్టుకోవడానికి కూడా ఖర్చవుతుంది, అంత స్తోమత మాకు లేదు. అందుకని ధైర్యంగా ఉన్నాను.

వీధంతా సంబరపడింది. నేను విమానాలు నడపబోతున్నానని అందరూ నిర్ధారణ చేసుకున్నారు. నడపడం కాదు, పంపులు బాగుచేయడమని ఇంటింటికీ తిరిగి చెప్పాను. వినయం గల పిల్లోడని మెచ్చుకున్నారు. ఎదురింటి అవ్వ తెల్లవారిన దగ్గర నుంచి చీకటి పడేదాకా అరుగుమీద కూర్చుని వీధిని కాపలా కాసే మనిషి. వీధి మీదుగా పోయేటప్పుడు విమానాన్ని కాస్త కిందికి దించి పొమ్మని ఆమె నన్ను కోరింది, దండెం మీద ఆరేసిన బట్టలు ఎగిరిపోకుండా చూసుకోమని జాగ్రత్త కూడా చెప్పింది.

అసలు ఘట్టం ఆ తర్వాత వారం జరిగింది. ఆరోజు నేను మేస్త్రీతో బండి ఆత్మకూరులో ఒక ఇంజను బాగుచేయడానికి పోయాను. సాయంత్రం బస్సు దిగి వీధిలోకి వచ్చేసరికి, పదిమంది పైగా గుంపుగా నిలబడి ఉన్నారు. అందరి ముఖాల్లోనూ ఏదో గెలిచిన కళ. అవ్వ అరుగు దిగి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ముందు ఇంట్లోకి పో నాయనా. ఎవురి కంటా పడగాకు."

"ఏందవ్వా, ఏమయ్యింది?"

"పోలీసాయప్ప వచ్చిండె. కాయితంలో నీ పేరు రాసుకోని వచ్చినాడు. ఇంటింటికీ అడిగినాడు. మేం చెప్తామా?"

"ఏం చెప్పినారు?"

"ఆ పేరుగల్లోడు ఈ వీధిలోనే లేడంటి," అంది అవ్వ. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా వైపు దీన్ని అబద్ధమనరు, మర్యాద అంటారు. ఇంటికొచ్చినవారికి చెంబుతో నీళ్ళివ్వడం ఎట్లాగో, ఖాకీ బట్టలాయన పేరు పెట్టి ఎవరినైనా అడిగితే తెలీదనడం అట్లాగ. వెనకటి నుంచి అదే పద్ధతి. అడిగినాయన ఎందుకు అడుగుతున్నాడని ఎవరూ తిరిగి అడగరు, అడిగితే మనిషి తెలుసని ఒప్పుకున్నట్టవుతుంది. నామీద ఉన్న ప్రేమకొద్దీ ఆరోజు వీధిలో ప్రతి ఒక్కరూ మామూలు కంటే ఎక్కువ మర్యాద చూపించారు. చిల్లర అంగడాయన ఆ పేరే ఎప్పుడూ వినలేదన్నాడట. బట్టలు కుట్టేటాయన ఇంకాస్త ముందుకు పోయి, అట్లాంటి పేర్లు మిడుతూరు వైపు ఎక్కువ, అక్కడ వెతకండని దారి కూడా చూపించాడట.

ఆ వచ్చినాయన నన్ను పట్టుకుపోవడానికి కాదు, ఉద్యోగం విచారణకు వచ్చాడని చెప్పాను. అవ్వే ముందు తేరుకుంది.

"అట్లయితే మంచికి వచ్చినానని ఆయప్ప ముందే చెప్పాల గదా. పోలీసోళ్ళు మంచికి గూడా వస్తారని మాకెట్ల తెలుస్తాది?"

నాకు అప్పటికి ఒకే ఒక ఆశ మిగిలింది. మా నాయన. ఆయన అబద్ధం చెప్పగా నేను వినలేదు. గంటను ఒక నిమిషం ముందు కూడా కొట్టని మనిషి. ఇంట్లోకి పోయాను. నాయన గోడకు ఆనుకుని కూర్చుని కాళ్ళు పిసుక్కుంటున్నాడు. నా వైపు చూడలేదు.

"నిన్ను అడగలేదా నాయనా?"

"బడి గేటు కాడికి వచ్చి అడిగినాడు."

"ఏమన్యావు?"

నాయన ఇంకాసేపు కాళ్ళు పిసుక్కున్నాడు. "నాకు కొడుకే లేడంటి."

అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. "నన్ను అడగలేదు గానీ, అడిగింటే నాకు పెండ్లే కాలేదందును," అని మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది.

మర్నాడు పొద్దున్నే స్టేషన్‌కు పోయాను. విచారణకు వచ్చిన కానిస్టేబులు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. నిదానస్తుడు, చేతిరాత చక్కనిది. ఆ చక్కని చేతిరాతతోనే, విచారించగా సదరు పేరుగల వ్యక్తి సదరు వీధిలో లేడని తెలిసింది అని రాసి పెట్టాడు. కాగితం కవరులో పెట్టడానికి సిద్ధంగా ఉంది. ఆ మనిషిని నేనే సార్ అన్నాను. ఆయన కాగితం వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"నువ్వు లేవని పదకొండు మంది చెప్పినారు. ఉండానని చెప్పేది నువ్వొక్కనివే."

సర్టిఫికెట్లు చూపించాను. అవి ఆ పేరుగలవాడివే, ఆ పేరుగలవాడు నువ్వేనని ఎవరు చెప్పాలి అన్నాడు. ఆయన మాటలో తప్పులేదు. కన్నతండ్రే కొడుకు లేడంటే నేనేం రాసేదప్పా అని ఆయనే నన్ను అడిగాడు. చివరికి ఒక దారి చెప్పాడు. నాయన వచ్చి చెప్పాలి, అదే వీధిలోంచి ఇంకొకరు రావాలి, ఇద్దరూ కాగితం మీద సంతకం పెట్టాలి. టపా సంచి ఒంటిగంట బస్సుకు నంద్యాల పోతుంది. అంతలోపల వస్తే ఈ కాగితం చించేస్తాడు. రాకపోతే ఇదే పోతుంది.

పరుగెత్తుకుంటూ వీధికి వచ్చాను. నిన్న నాకోసం పోలీసుకే ఎదురు నిలిచినవాళ్ళు, ఈరోజు నాకోసం స్టేషన్ గడప ఎక్కమంటే వెనక్కి తగ్గారు. అంగడాయనకు బేరాలున్నాయట, అంగడి మూసి ఉంది. బట్టలు కుట్టేటాయనకు వేలిలో సూది దిగిందట, ఏ వేలో ఆయనకే సరిగ్గా గుర్తులేదు. వాళ్ళను తప్పుపట్టలేను. మా వైపు స్టేషన్‌లోకి పోయినవాడు ఏ పని మీద పోయాడన్నది ఎవరూ చూడరు, పోయాడన్నదే చూస్తారు. అవ్వ అరుగుమీదనే కూర్చుని అంతా వింది. తర్వాత లేచి లోపలికి పోయి, ఆదివారం చర్చికి కట్టుకునే చీర కట్టుకుని, వక్కాకు సంచి చంకన పెట్టుకుని వచ్చింది.

"మొదట లేడన్యది నేనే గదా. పద."

ఇక నాయన. వీధంతా బతిమాలుకుని బడికి పోయేసరికి పన్నెండు దాటింది. నాయన గంట కింద నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నం గంట పన్నెండున్నరకు. అది కొట్టి వస్తే స్టేషన్‌కు చేరి, చెప్పి, రాయించేసరికి ఒంటిగంట బస్సు పోతుంది. కానిస్టేబులు చెప్పిన గడువు సంగతి చెప్పాను. నాయన సుత్తి చేతిలో పట్టుకుని గంట వైపు చూశాడు, అవ్వ చర్చి చీర వైపు చూశాడు. కొట్టేశాడు.

ఆయన ఉద్యోగంలో గంట ముందుగా మోగడం అదే మొదలు, అదే ఆఖరు. పిల్లలు కేకలేస్తూ బయటికి పరుగెత్తారు. హెడ్మాస్టరుగారు గది వాకిట్లోకి వచ్చి, తన చేతిగడియారం చూసుకుని, నాయనను చూసి, గడియారం ముల్లు ముందుకు తిప్పుకుని లోపలికి పోయాడు.

ముగ్గురం స్టేషన్ చేరాం. కానిస్టేబులు నాయనను గుర్తుపట్టాడు.

"ఏమప్పా, నిన్న లేని కొడుకు ఈ పొద్దు యాడి నుంచి వచ్చినాడు? మీసాలతోనే పుట్టినాడా?"

నాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నిన్న లేడు సార్. ఈ పొద్దు ఉండాడు."

పక్క బల్ల దగ్గర ఇంకో కానిస్టేబులు నవ్వాడు. నాయన నవ్వలేదు. గొంతు సవరించుకున్నాడు.

"నిన్న చెప్పింది అబద్ధం సార్. వీడు నా కొడుకే. ఒక్కడే. పని బాగ వస్తాది వీనికి."

నా పని బాగుందని నాయన అనడం నేను వినడం అదే మొదటిసారి. అది వినడానికి నేను పోలీసు స్టేషన్ దాకా పోవలసి వచ్చింది.

కానిస్టేబులు పాత కాగితం నిలువునా చించి, కొత్త కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. నడవడిక ఎట్లాంటిదని అడిగాడు. అది అవ్వ వంతు. నిన్నంతా అబద్ధం చెప్పిన పాపం కడుక్కోవాలనుకుందో ఏమో, ఆమె నిజం చెప్పడం మొదలుపెట్టి ఆపలేదు. మంచోడే నాయనా, తాగడు, ఎవురి జోలికీ పోడు, అని బాగానే ఎత్తుకుంది. తర్వాత నేను ఆమె కిరసనాయిలు స్టవ్వు బాగుచేసిన కథలోకి పోయింది. బిగించినాక ఒక స్క్రూ మిగిలిచ్చినాడు, అడిగితే అది ఎక్కువైందన్యాడు, అప్పటి నుంచి మంట ఒక పక్కకే మండుతాంది, అని చెప్పింది. కానిస్టేబులు కలం ఆగింది. విమానాలదే కదా ఈ ఉద్యోగం అని నన్ను అడిగాడు. అవును సార్ అన్నాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి, స్టవ్వు సంగతి వదిలేసి, నడవడిక మంచిది అని రాశాడు. నేను ఎక్కే విమానం కాదు కదా అనుకుని ఉంటాడు.

నాయన సంతకం పెట్టాడు. అవ్వ వేలిముద్ర వేసి, ఆ వేలిని నా చొక్కాకు తుడుచుకుంది. కవరు అంటించి సంచిలో పడేసరికి బస్సు హారన్ వినబడుతోంది. ఆ సంచి పట్టుకుని పోతున్న మనిషి వెనకాలే బస్టాండు దాకా పోయాను. సంచి బస్సులోకి ఎక్కింది, బస్సు కదిలింది, నంద్యాల రోడ్డు మలుపు తిరిగింది. అప్పుడు నేను ఎగిరి గంతేశాను. నిజంగానే గంతేశాను. ఈ కథలో నేలను వదిలి పైకి లేచినది నేనొక్కడినే.

బయల్దేరే రోజు వీధంతా బస్టాండుకు వచ్చింది. బట్టలు కుట్టేటాయన కొత్త చొక్కా కుట్టి తెచ్చాడు, వేలు నయమైందట. మేస్త్రీ ఒక తీగచుట్ట ఇచ్చాడు, అక్కడ మంచిది దొరుకుతుందో లేదో అని. దాంతోపాటు మూతున్న ఒక ఖాళీ రేకు డబ్బా కూడా ఇచ్చాడు. ఇదెందుకంటే, మిగిలేటివి యాడేస్తావు మరి అన్నాడు. నంద్యాలలో రైలు కోసం రెండు గంటలు కూర్చున్నాను గానీ కూర్చున్నట్టే అనిపించలేదు. ప్లాట్‌ఫాం మీద ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉన్నాను. నా పెట్టెలో ఉత్తరం ఉంది, రెండు ఫోటోలున్నాయి. నేను ఉన్నానని సర్కారుకు తెలుసు.

కర్మాగారం గేటు దాటి, చేరేవాళ్ళ గదిలోకి పోయాను. గుమాస్తా తల ఎత్తకుండానే ఉత్తరం తీసుకున్నాడు. మా ఆళ్ళగడ్డ నుంచి పోలీసు విచారణ కాగితం అందిందా సార్ అని అడిగాను, వీలైనంత మామూలుగా. ఇంకా రాలేదన్నాడు. అది రావలసిన తొందరేమీ లేదని, ముందు చేరిపోవచ్చని, కాగితం సంవత్సరంలోపు ఎప్పుడొచ్చినా చాలని, కొందరివి రెండు మూడుసార్లు తిరిగి అడిగి తెప్పించుకుంటామని ఆయన పేజీలు తిప్పుతూ చెప్పాడు. తర్వాత ఫోటోలు లెక్కపెట్టి, మూడు కావాలి, రెండే ఉన్నాయన్నాడు.

అప్పటికి ఒంటిగంట దాటింది. గేటు ఎదురుగా ఉన్న ఫోటో స్టూడియో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా మూసి ఉంటుంది.